రంగు కొడితే పడవ బాగవదు

ఫైబర్ బోటు మెరుపు పోయి తెల్లబారితే పెయింట్ కొట్టించాలన్నది మన దగ్గర ఎవరూ ఎదురు ప్రశ్న వేయని మాటైపోయింది. కరీంనగర్ దిగువ మానేరు కానివ్వండి, నిర్మల్ జిల్లా కడెం కానివ్వండి, ఏ పట్నం చెరువులోనో తిప్పే పెడల్ బోట్లు కానివ్వండి, బోటు వెలిసిందనగానే నడిపేవాళ్లు, అజమాయిషీ చేసేవాళ్లు, పని పట్టుకునే కాంట్రాక్టర్లు అందరూ చెప్పే మందు ఒక్కటే: రెండు డబ్బాల ఎనామిల్ తెచ్చి రెండు కోట్లు వేసేయండి, కొత్తదానిలా అయిపోతుంది. ఈ మాట తప్పు. కొంచెం అటూ ఇటూగా తప్పు కాదు, మొదలంటా తప్పు. దీన్ని నమ్మి మనం డబ్బు పోగొట్టుకుంటున్నాం, ఇరవై ముప్పై ఏళ్లు నీళ్ల మీద నిలవాల్సిన బోట్లను ముందే ముసలివి చేస్తున్నాం. వాటిలో ఎక్కే పిల్లాపాపల భద్రతను రంగు కింద దాచేస్తున్నాం. అందుకే ఇంత గట్టిగా ఖండించాల్సి వస్తోంది.

ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. చెక్క నావకు పూత ప్రాణం. గోదావరి మీద నావలకు తారు పూసేవాళ్లు, సందుల్లో గుగ్గిలం నూనె దట్టించేవాళ్లు. పూత లేకపోతే చెక్క నీళ్లు తాగి కుళ్లిపోతుంది. ఇనుప పడవకూ అంతే, రంగు లేకపోతే తుప్పు తినేస్తుంది. ఫైబర్ అలాంటిది కాదు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి అమెరికాలో పడవల తయారీకి వచ్చిన ఈ పదార్థం కోస్తాలో 2004 సునామీ తర్వాత పెద్ద ఎత్తున ఇంటింటి మాటైంది. సాయంగా వచ్చిన బోట్లలో ఫైబర్‌వే ఎక్కువ. దానికి తుప్పు లేదు, చెద లేదు. పదార్థం మారింది, మన చేతి అలవాటు మాత్రం చెక్క దగ్గరే ఆగిపోయింది.

ఫైబర్ బోటును లోపలి నుంచి బయటికి కట్టరు, బయటి నుంచి లోపలికి కడతారు. ముందు అచ్చుకు మైనం పట్టించి, దాని మీద జెల్‌కోట్ స్ప్రే చేస్తారు. జెల్‌కోట్ అంటే రంగు కలిపిన చిక్కటి పాలిస్టర్ రెసిన్. అది గట్టిపడుతుండగా వెనక నుంచి గాజు పీచు మ్యాట్లు పరిచి, రెసిన్‌తో తడిపి, పొర మీద పొర వేస్తారు. అచ్చులోంచి ఊడదీసినప్పుడు మనకు కనిపించే నునుపైన మొహమే జెల్‌కోట్. సుమారు అర మిల్లీమీటరు మందం ఉంటుంది. కొత్త కారు మీద మెరిసే క్లియర్ కోటు 40, 50 మైక్రాన్లయితే ఇది దానికి పదింతలు. పైగా ఇది బోటుకు అంటించిన పొర కాదు, కింది గాజు పీచుతో రసాయనికంగా ఒక్కటైపోయిన భాగం. అంత మందం, అంత పట్టు ఉన్న చర్మం మీద వంద మైక్రాన్లు కూడా లేని ఎనామిల్ పూసి, బోటును బాగుచేశామనుకుంటున్నాం.

అసలు తెల్లబారడం అంటే ఏమిటి? ఎండలోని అతినీలలోహిత కిరణాలు రెసిన్ గొలుసులను తెంపుతాయి. పైపైన ఉన్న కొద్ది మైక్రాన్ల మేర జెల్‌కోట్ సుద్దలాగా పొడిబారుతుంది, కంటికి కనపడని గుంటలు పడతాయి. వెలుతురు వాటిలో పడి చెల్లాచెదురవుతుంది కాబట్టి నీలం బోటు బూడిద రంగుకు, ఎర్ర బోటు పాలిపోయిన గులాబీకి వస్తుంది. రామగుండం, పెద్దపల్లి, కరీంనగర్ వైపు మే నెల ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులకు లెక్క లేదు. ఆదిలాబాద్‌లో అదే ఏడాది చలికాలపు తెల్లవారుజామున అయిదారు డిగ్రీలకు పడిపోతుంది. అంత తేడాకు జెల్‌కోట్ సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది. గోదావరిఖని చుట్టుపక్కల బొగ్గు దుమ్ము, రామగుండం థర్మల్ బూడిద పైన చేరతాయి. ఇంత జరిగినా చెడేది పైపొరే. అడుగున నాలుగైదు వందల మైక్రాన్ల మంచి జెల్‌కోట్ అలాగే ఉంటుంది.

నమ్మకం కుదరకపోతే ఒక్క పని చేసి చూడండి. ఒడ్డుకు లాగి బోర్లించిన బోటు పక్కన నిలబడి, చేత్తో ఒకసారి గట్టిగా రాయండి. అరచేతికి తెల్లటి పొడి అంటుతుంది. ఇప్పుడు అదే చోట తడిగుడ్డతో తుడవండి. నీళ్లు ఆ గుంటల్లో నిండగానే, తడి ఉన్నంతసేపూ, అసలు నీలం పూర్తిగా తేలుతుంది, కొత్త బోటు మీద ఉన్నంత ముదురుగా. ఆరిపోగానే మళ్లీ బూడిద. తడిలో రంగు తేలిందంటే బోటు చావలేదు. దాని రంగు దాని దగ్గరే ఉంది. దాన్ని బయటికి తీయడం తెలియాలి, అంతే. తడిపినా రంగు తేలకుండా గాజు పీచు గళ్లు కనపడితే అది వేరే సంగతి, దానికి తర్వాత వస్తాను.

ఈ తేలిక పరీక్ష కూడా చేయకుండా బ్రష్ అందుకుంటారు. అలా వేసిన రంగుకు ఏమవుతుందో చూడండి. సుద్దబారిన పొర మీద వేసిన పెయింట్ ఆ సుద్దను పట్టుకుంటుంది, బోటును కాదు. సుద్ద ఊడినప్పుడు పెయింటూ ఊడుతుంది. అచ్చులోంచి వచ్చినప్పటి మైనం, ఎవరో మెరుపు కోసం కొట్టిన కారు డాష్‌బోర్డ్ స్ప్రేలోని సిలికాన్ మీద పెయింట్ అసలు నిలవదు, చేపకళ్లలాగా గుంటలు పడుతుంది. రోజంతా నీళ్లలో కట్టేసి ఉంచే బోటుకు నీటిమట్టం కింద వేసిన మామూలు ఎనామిల్ మెత్తబడి బొబ్బలు లేస్తుంది. ఏడాది తిరక్కుండా పెచ్చులు. వాటి మీద మళ్లీ రంగు. నాలుగేళ్లకు నాలుగు పొరలు, ఒక్కోటి ఒక్కో చోట ఊడి, బోటుకు బొల్లి వచ్చినట్టు తయారవుతుంది. అప్పుడు పెయింట్ రిమూవర్ తెస్తారు. కొన్ని రిమూవర్లు పెయింట్‌తో పాటు జెల్‌కోట్‌నూ కరిగిస్తాయి. మొదటి బ్రష్ తగిలిన రోజునే ఈ గొలుసు మొదలైంది. ఎండ చేయలేని నష్టం పెయింట్ చేసింది.

నిర్మల్ బొమ్మల వాళ్లను ఒక్కసారి తలుచుకోండి. రంగుతోనే బతికే కళ అది. వాళ్లు కూడా పొణికి చెక్క మీద నేరుగా రంగు వేయరు. చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకులు నింపి, నునుపు చేసి, తెల్లమట్టి పూత వేసి, ఆ తర్వాతే కుంచె పడతారు. నిర్మల్‌లో తరతరాలుగా చేతులకున్న ఈ తెలివి, మన జలాశయాల ఒడ్డున బోటు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మాయమవుతుంది?

రంగు వల్ల జరిగే అన్నిటికంటే పెద్ద ద్రోహం ఈ పెచ్చులూడటం కాదు. ఫైబర్ బోటు తన జబ్బును తన మొహం మీదే చెప్తుంది. తాడు కట్టే కొక్కేల చుట్టూ సాలెగూడు ఆకారంలో సన్నటి పగుళ్లు పడ్డాయంటే అక్కడ కింద చెక్క దిమ్మో, గాజు పీచో బరువుకు వంగుతోందని అర్థం. అడుగున పొక్కులు లేచి, పొడిస్తే పుల్లటి వాసన నీరు కారిందంటే పొరల్లోకి నీళ్లు దిగాయని అర్థం. ఒడ్డు రాయి తగిలిన చోట గీత లోపలికి పోయి గాజు పీచు తేలిందంటే, అక్కడి నుంచి తేమ పీచు వెంట పాకుతోందని అర్థం. బోటును కడిగి, జెల్‌కోట్‌ను మెరుగు పెట్టేవాడు ప్రతి అంగుళం చేత్తో తడుముతాడు, ప్రతి గీత చూస్తాడు. వాడి కళ్లు తప్పించుకునే పగులు ఉండదు. రంగు వేసేవాడు రెండు గంటల్లో ఆ పగుళ్లన్నీ మూసేస్తాడు. బోటు ముచ్చటగా కనిపిస్తుంది. దసరా సెలవులకు, సంక్రాంతికి, ఎండాకాలం సాయంత్రాలకు కుటుంబాలు వచ్చి ఎక్కుతాయి. పగులు చూసి పక్కన పెట్టాల్సిన బోటు, పగులు కనపడక నీళ్లలోకి వెళ్తుంది. మనిషి ప్రాణం మీదికి వచ్చే చోట అందం కోసం జబ్బును కప్పిపెట్టడాన్ని నేను చిన్న పొరపాటుగా తీసుకోలేను.

రంగు వర్గం పక్కనే యాసిడ్ వర్గం ఒకటుంది. నీటిమట్టం దగ్గర గోధుమరంగు చార, పాచి మరక, మన బోరు నీళ్లతో కడిగితే పేరుకునే తెల్లటి ఉప్పు పొర చూసి, బాత్రూం కడిగే యాసిడ్ కొట్టి ఇనుప పీచుతో తోమేస్తారు. మరక పోతుంది, నిజమే. దాంతో పాటు స్టీలు బోల్టులకు, కొక్కేలకు గుంటలు పడతాయి. ఇనుప పీచు తునకలు జెల్‌కోట్‌లో ఇరుక్కుని వారం తిరిగేసరికి తుప్పు చుక్కలవుతాయి. బ్లీచింగ్ పోస్తే ఉన్న రంగు ఇంకా పాలిపోతుంది. ఉప్పు పొరకు పలచటి వెనిగర్ చాలు. తుప్పు మరకకు, ఆకుల మరకకు ఆక్సాలిక్ యాసిడ్ పలచగా కలిపి, చేతులకు గ్లవ్స్ వేసుకుని, కాసేపు ఉంచి, ధారాళంగా కడిగేస్తే పోతుంది. ఎక్కడ తేలిక మందు సరిపోతుందో అక్కడ ఘాటు మందు వాడటం బలం చూపించుకోవడమే తప్ప పనితనం కాదు.

అసలు పని ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే దాన్ని చూడనివాళ్లే అది అసాధ్యమంటున్నారు. బోటును నీడకు చేర్చాలి. ఎండలో కాలుతున్న బోటు మీద ఏ మందు వేసినా పొడిబారి మరకవుతుంది. మెత్తటి స్పాంజి, తేలికపాటి సబ్బు, మంచి నీళ్లతో పైనుంచి కిందికి కడగాలి, బట్టల సోడా ముట్టుకోవద్దు. ఆరాక రెండడుగుల చదరం గుర్తు పెట్టుకుని అక్కడే మొదలుపెట్టాలి. ఉన్ని ప్యాడ్ మీద శనగగింజంత రబ్బింగ్ కాంపౌండ్ నాలుగు చోట్ల పెట్టి, మిషన్ ఆడించకుండానే ముందు పూయాలి, లేకపోతే గోడల నిండా చిందుతుంది. తర్వాత తక్కువ వేగంలో, నిమిషానికి వెయ్యి నుంచి పదిహేను వందల చుట్ల మధ్య, మిషన్‌ను ఒకే చోట ఆపకుండా అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి నడిపించాలి. మధ్యమధ్య అరచేయి ఆనించి చూడాలి. వెచ్చగా ఉంటే పరవాలేదు, చేయి చురుక్కుమంటే ఆపేయాలి. నాలుగంగుళాల కోత గ్రైండర్‌కు ప్యాడ్ బిగించి ఇదే పని చేయబోయేవాళ్లున్నారు. దాని వేగం నిమిషానికి పదకొండు వేల చుట్లకు దగ్గర. రెప్పపాటులో జెల్‌కోట్ కాలిపోతుంది.

కాంపౌండ్‌కు లొంగని మొండి సుద్ద ఉన్న చోట మాత్రం వాటర్ పేపర్ తీయాలి. 800తో మొదలుపెట్టి 1000, 1500, 2000 వరకు, ఒక్క మెట్టు కూడా దాటేయకుండా, నీళ్లు పోస్తూ రుద్దాలి. కారే నీళ్ల రంగు చూస్తూ ఉండాలి. మొదట పాలలాగా తెల్లగా కారిన నీళ్లు క్రమంగా బోటు రంగు పట్టుకుంటాయి. అంటే చచ్చిన పొర పోయి బతికున్న పొర తగిలిందన్నమాట, అక్కడితో ఆపాలి. అంచులు, మూలలు, మలుపులు చేత్తోనే చేయాలి, అక్కడ జెల్‌కోట్ పలచగా ఉంటుంది. గీతలు లోతుగా ఉంటే వాటి నోరు కాస్త వెడల్పు చేసి, దుమ్ము తుడిచి, అదే రంగు జెల్‌కోట్‌లో నూటికి ఒకటి రెండు వంతుల హార్డెనర్ కలిపి నింపాలి. గాలి తగిలితే జెల్‌కోట్ పైభాగం జిగటగానే ఉండిపోతుంది కాబట్టి, పలచటి ప్లాస్టిక్ షీటు మూతలా అంటించి గట్టిపడనివ్వాలి. ఆ తర్వాత సన్న పాలిష్. చివరికి మైనం, అదీ రెండు పూతలు.

మైనం దగ్గర ఒక మాట. సుద్ద తీయకుండా పైన మైనం రాసి మెరుపు వచ్చిందని మురిసేవాళ్లు రంగు వర్గానికి దాయాదులే. ఆ మెరుపు నాలుగు వారాలు. మైనం పని మెరుపు పుట్టించడం కాదు, పుట్టిన మెరుపును ఎండ నుంచి, నీళ్ల నుంచి కాపాడటం. మన ఎండకు ఏడాదికి రెండుసార్లయినా రాయాలి. అంతకన్నా మేలైనది నీడ. ఒక రేకుల షెడ్డు, లేదా బోటుకు ఆనకుండా గాలి ఆడేలా కట్టిన మందపాటి తాడిపత్రి, ఏ మైనం డబ్బా కన్నా ఎక్కువ కాలం జెల్‌కోట్‌ను కాపాడుతుంది.

ఈ పద్ధతి మీద గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటేయను. రుద్దితే జెల్‌కోట్ అరుగుతుంది కదా, నాలుగుసార్లు రుద్దితే ఏం మిగులుతుంది అంటారు. అరుగుతుంది, నిజం. అర మిల్లీమీటరులో ఒక్కోసారి పోయేది కొద్ది మైక్రాన్లు. వాటర్ పేపర్ వాడితే ఇంకొంచెం ఎక్కువ, అందుకే అది బోటు జీవితంలో ఒకటి రెండుసార్లు వాడాల్సిన మందు. తర్వాత మైనం, నీడ సక్రమంగా అందితే మళ్లీ గట్టిగా రుద్దాల్సిన అవసరం ఏళ్ల తరబడి రాదు. పట్టించుకోకుండా ఎండకు వదిలేసిన బోటు ఎటూ ఏటేటా సుద్దగా రాలిపోతూనే ఉంది. ఆ అరుగుదలను ఎవరూ లెక్కపెట్టడం లేదు. ఇక రంగు ఊడగొట్టడానికి గరుకు పేపరు పెట్టి గీకినప్పుడు పోయే జెల్‌కోట్ ముందు, కాంపౌండ్‌కు అరిగేది ఒక లెక్కలోది కాదు.

మన దగ్గర ఈ పని వచ్చినవాళ్లు ఎవరున్నారు, హైదరాబాద్ నుంచో గోవా నుంచో రావాలి అని ఇంకో మాట. కరీంనగర్‌లో నిలబడి ఈ మాట అనడం నాకు బాధ కలిగిస్తుంది. ప్రపంచమంతా టాన్ బ్రౌన్ పేరుతో ఇళ్లలో పరుచుకునే గ్రానైటు ఈ నేలలోంచే వెళ్తోంది. గరుకు రాయి నుంచి నున్నటి రాయికి, ఒక్కో మెట్టూ దిగుతూ, నీళ్లు పోస్తూ, వేడి ఎక్కనీయకుండా, మొహం కనిపించేదాకా మెరుగు పెట్టే చేతులు ఈ ఊళ్లో పాలిషింగ్ యూనిట్లలో ఉన్నాయి. డెంటింగ్ పెయింటింగ్ షెడ్డుల్లో కార్లకు కాంపౌండ్ కొట్టి బఫింగ్ చేసే కుర్రాళ్లు ప్రతి బజారులో ఉన్నారు. వాళ్ల మిషన్, వాళ్ల ప్యాడ్, వాళ్ల వాటర్ పేపర్ ఇక్కడా పనికొస్తాయి. బోటు జెల్‌కోట్ కారు క్లియర్ కోటు కన్నా మందం కాబట్టి వాళ్లకు ఇది ఇంకా తేలికైన పని. నేర్పాల్సింది అంచుల జాగ్రత్త, జెల్‌కోట్ నింపే పద్ధతి. దానికి కొద్ది రోజుల శిక్షణ చాలు.

తెరచాప పడవలు నడిపేవాళ్లు ఈ సంగతిని ఎప్పుడో గ్రహించారు. హుస్సేన్ సాగర్ మీద యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పిల్లలకు శిక్షణ ఇచ్చే ఆప్టిమిస్ట్ బోటు, 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ గీసిన నమూనా, రెండున్నర మీటర్లు కూడా ఉండదు. పోటీ నిబంధన ప్రకారం దాని ఖాళీ బోటు బరువు 35 కిలోలకు తగ్గకూడదు. అంత చిన్న పడవకు పొర మీద పొర రంగు వేస్తే బరువు పెరుగుతుంది, పెచ్చులు లేచిన అడుగు నీళ్లను ఈడుస్తుంది, గాలి ఎంత ఉన్నా పడవ వెనకబడుతుంది. అడుగు నున్నగా ఉండటం అక్కడ గెలుపోటముల సంగతి. అందుకే సెయిలింగ్ లోకంలో కడగడం, గీతలు నింపడం, మెరుగు పెట్టడం పడవ నేర్చుకునే పిల్లలకు మొదటి పాఠాల్లో ఒకటి. ఆ హుస్సేన్ సాగర్‌కు మన మానేరు ఏమంత దూరం?

రంగు చవక అనేవాళ్లు రంగు డబ్బా ధర చెప్తారు తప్ప మరుసటి ఏటి డబ్బా, ఆపై ఏటి డబ్బా, చివరికి రిమూవర్, గీకుడు కూలీ కలిపి చెప్పరు. మెరుగు పెట్టడంలో సామాను ఖర్చు తక్కువ, కూలీ ఎక్కువ. ఆ కూలీ డబ్బు మన ఊరి చేతుల్లోకే వెళ్తుంది. పాతది పడేసి కొత్తది కొందాం అనేవాళ్లకు ఒక ప్రశ్న: పడేసింది ఎక్కడికి పోతుంది? ఈ రెసిన్ ఒకసారి గట్టిపడ్డాక మళ్లీ కరగదు, ఇనుములాగా కరిగించి ఇంకోటి పోయలేం. పాత సామాను కొట్టువాడు కూడా దీన్ని తీసుకోడు. కాల్చితే విషపు పొగ, కోస్తే ఊపిరితిత్తుల్లో గుచ్చుకునే గాజు దుమ్ము, పాతిపెడితే మన మనవళ్ల కాలానికీ అలాగే ఉంటుంది. చెరువు గట్టున బోర్లా పడి ఎండుతున్న బోటు ప్రతి ఒక్కటీ మన తర్వాతి తరం మీద మనం మోపుతున్న చెత్త. బాగుచేయగలిగిన దాన్ని అలా వదిలేయడం నాకు దుబారాగా కాదు, అన్యాయంగా కనిపిస్తుంది.

రంగు ఎప్పటికీ వద్దని నా వాదన కాదు. తడిపినా రంగు తేలక, గాజు పీచు గళ్లు కనపడే దాకా జెల్‌కోట్ అరిగిపోతే దానికి పూత కావాలి. ఆ పూత రోడ్డు పక్క కొట్టులో దొరికే ఎనామిల్ కాదు. బోటును వారాల తరబడి నీడలో ఎండనిచ్చి, మైనం పూర్తిగా తుడిచి, గరుకు పెట్టి, పగుళ్లు గాజు పీచుతో కట్టి, ఎపాక్సీ ప్రైమర్ వేసి, పైన రెండు డబ్బాలు కలిపి వాడే పాలీయురిథేన్ వేయాలి. ముక్కుకు మంచి మాస్క్ పెట్టుకుని, గాలాడే షెడ్డులో, పని తెలిసినవాళ్లు చేయాలి. అదీ బోటు గట్టితనం పరీక్షించాకే. ఆ స్థితికి చేరిన బోట్లు కొన్నే ఉంటాయి. మిగిలిన బోట్లన్నిటికీ వీటి పేరు చెప్పి బ్రష్ తిప్పడమే నేను ఒప్పుకోనిది.

బోట్లున్న ప్రతి శాఖనూ, ప్రతి పురపాలక సంఘాన్నీ నేను అడిగేది ఇదే. టెండరు కాగితంలో 'పెయింటింగ్' అని ఉన్న చోట కొట్టేసి 'జెల్‌కోట్ శుభ్రం చేసి మెరుగు పెట్టుట' అని రాయండి. కొనుగోలుకు లక్షలు కేటాయించిన చోట సబ్బుకు, కాంపౌండ్‌కు, మైనానికి, ఒక రేకుల షెడ్డుకు ఏటా వేరే పద్దు పెట్టండి. పని మొదలుపెట్టక ముందు బోటు పొడవునా పగుళ్లు, పొక్కులు ఫొటోలు తీసి పుస్తకంలో రాయించండి, బాధ్యుల సంతకం లేకుండా ఆ బోటు నీళ్లలోకి దిగకూడదు. కాంట్రాక్టరు ఎవరైనా సరే, ముందు ఒక్క చదరపు అడుగు రుద్ది చూపించమనండి. దసరాకు ముందు హడావుడిగా కాకుండా, డిసెంబరు, జనవరిలో ఎండ తలకెక్కని రోజుల్లో ఆ పని పెట్టుకోండి. అప్పుడు మానేరు నిండుగా ఉంటుంది, బోట్లు వంతులవారీగా ఒడ్డుకు వస్తే తిరిగేవి తిరుగుతూనే ఉంటాయి.